అక్కా అన్న పిల్ల మేడమ్ అంటోంది

ఈసారి ఉత్తరం చెన్నై నుంచే, పెరంబూరులో ఉండే ఒకామె రాశారు. వయసు ముప్పై నాలుగు, సొంతూరు గూడూరు, పెళ్ళయి ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళు. లా చదివారు గానీ కోర్టు వైపు వెళ్ళలేదు. శరణార్థులకు న్యాయ సహాయం చేసే ఒక చిన్న సంస్థలో ఐదేళ్ళుగా కోఆర్డినేటర్‌గా పని చేస్తున్నారు. ఉత్తరం నాలుగు పేజీలు, మధ్యలో రెండుసార్లు "ఇది అనవసరమేమో, వదిలేయండి" అని కూడా రాశారు. కుదించి చెబుతాను.

కిందటేడు వాళ్ళ సంస్థకు బయటి దేశం నుంచి ఒక గ్రాంటు వచ్చింది. ఆశ్రయం కోరి వచ్చిన కుటుంబాల్లో చదువుకున్న పిల్లలను తీసుకుని, తమ వాళ్ళ తరఫున ఆఫీసుల్లో మాట్లాడటం, అర్జీలు రాయడం, చట్టం చదవడం నేర్పే తొమ్మిది నెలల ఇంటర్న్‌షిప్ అది. మొదట వాలంటీర్లుగా పెట్టుకుందాం, దారి ఖర్చులు ఇస్తే చాలు అన్నారట. పని చేయించుకుని డబ్బు ఇవ్వకపోవడమేంటి అని కొట్లాడి నెలకు 15 వేలు స్టైపెండ్ పెట్టించింది ఈమే. అలా చేరిన అమ్మాయిని ఇక్కడ తులసి అందాం. ఇరవై మూడేళ్ళు, శ్రీలంక తమిళ కుటుంబం. తల్లిదండ్రులు పడవలో వచ్చారు, తను తమిళనాడులోనే ఒక క్యాంపులో పుట్టింది. బీకాం చదివి టి.నగర్‌లో ఒక పెద్ద చీరల షాపులో బిల్లింగ్‌లో ఉండేది. నెల్లూరు నుంచి, తిరుపతి నుంచి పెళ్ళి చీరల కోసం వచ్చేవాళ్ళతో మాట్లాడి మాట్లాడి తెలుగు నేర్చుకుంది. ఈమె ఆడపడుచు పెళ్ళికి చీరలు కొనడానికి వెళ్ళినప్పుడు పరిచయం. "ఇంత చురుకైనదానివి, ఈ కౌంటర్లో ఎన్నాళ్ళుంటావు? మా దగ్గరికి రా, రేపు లా చదివి లాయర్ కూడా అవ్వచ్చు" అని చెప్పి, 16 వేల జీతం, దీపావళికి బోనసు ఉన్న ఉద్యోగం మాన్పించి తెచ్చుకున్నారు.

ఐదు నెలలు బాగా గడిచాయి. తులసి అక్కా, అక్కా అంటూ తిరిగేది, బాక్సులో ఇడియాప్పం, కొబ్బరిపాల పులుసు సొది తెచ్చి సగం ఈమెకు పెట్టేది. ఒక సాయంత్రం లోకల్ ట్రైన్‌లో తన తండ్రి గురించి ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. ఇప్పుడు ఆరో నెల. మూడు వారాల్లో గ్రాంటు ఇచ్చినవాళ్ళు చెన్నై వస్తున్నారు, తులసి వాళ్ళ ముందు నిలబడి పది నిమిషాలు తన జీవితం చెప్పాలని, రిపోర్టులో ఫొటో వేయాలని డైరెక్టర్ గారు అన్నారు. తులసి చెప్పనంది. "మరి ఆ అమ్మాయికి నెలనెలా డబ్బు దేనికి ఇస్తున్నట్టు?" అని ఆయన అడిగారు. వారం నుంచి తులసి అక్కా అనడం మానేసి మేడమ్ అంటోంది. వాళ్ళమ్మ ఫోన్ చేసి "షాపులోనే ఉండనిచ్చి ఉంటే పోయేది కదమ్మా" అంది. తులసిని ఒప్పించాలా, షాపుకి తిరిగి పంపేయాలా, నేనే ఉద్యోగం మానేయాలా, అసలు ఆ పిల్లకు నేను మేలు చేశానా కీడు చేశానా అని అడుగుతున్నారు.

ఇదీ ఉత్తరం. ఇక మీతో మాట్లాడతాను.

ముందు ఒక సంగతి. మీ ఉత్తరం ఇక్కడ వేయడానికి మీరు ఒప్పుకున్నారు, తులసి ఒప్పుకోలేదు, ఆమెను ఎవరూ అడగలేదు. అందుకే క్యాంపు ఏ ఊళ్ళో ఉందో రాయడం లేదు, ఆమె తండ్రి ఏం పని చేస్తాడో, ఆయనకు ఏం జరిగిందో కూడా రాయడం లేదు. మీరు నాకు రాశారు, చదివాను, అంతటితో ఆపేస్తున్నాను.

మూడో పేజీ చివర బ్రాకెట్లో ఒక వాక్యం ఉంది చూడండి, నా లెక్కన మీ ఉత్తరం మొత్తం అదే. ట్రైన్‌లో తను చెప్పింది గ్రాంటు రెన్యువల్ ప్రపోజల్‌లో కేస్ స్టడీగా పెట్టానని, పేరు మార్చానని, ఆఫీసు ఫోల్డర్‌లో తులసి అది చూసి ఉండొచ్చని రాశారు. చూసి ఉండొచ్చు కాదమ్మా, చూసింది. స్టేజీ ఎక్కమన్నందుకే అయితే కోపం డైరెక్టర్ గారి మీద ఉండాలి, మీ దగ్గరికి వచ్చి "అక్కా, నువ్వు చెప్పవా సార్‌కి" అని అడగాలి. మిమ్మల్నే మేడమ్ అంటోందంటే దెబ్బ మీ దగ్గర్నుంచి తగిలింది. పేరు మార్చానన్నారు, కానీ క్యాంపు పేరు, తండ్రి చేసే పని, పడవ వచ్చిన ఏడు అలాగే ఉంచానని మీరే రాశారు. ఆ మూడూ చదివితే క్యాంపులో ఎవరైనా అది ఎవరి ఇల్లో వేలు పెట్టి చూపించగలరు.

మీరు దుర్మార్గంతో చేశారని నేను అనుకోవడం లేదు. గ్రాంటు రెన్యువల్ కాకపోతే తులసి స్టైపెండే కాదు, మీ జీతమూ ఆగుతుందని రాశారు. ప్రపోజల్ గడువు రాత్రి పన్నెండింటికి, పదిన్నరకి కేస్ స్టడీ ఖాళీగా ఉంది, మనసులో తాజాగా ఉన్న కథ అదే. ఎలా జరిగిందో నాకు కళ్ళకు కట్టినట్టు తెలుస్తోంది. అయినా ఆ పిల్ల దాన్ని మీకు చెప్పింది, మీ ఆఫీసుకు చెప్పలేదు.

మా నాయనమ్మ 1942లో రంగం (రంగూన్) నుంచి నడిచి వచ్చిన మనిషి. బర్మా మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది అలా అడవులు, కొండలు దాటి వచ్చారు, వాళ్ళలో మన తెలుగువాళ్ళూ చాలామంది. అప్పట్లో వాళ్ళను కాందిశీకులు అనేవారు. కాం దిశం, అంటే ఏ దిక్కుకు పోవాలి అని అడిగేవాడు కాందిశీకుడు, సంస్కృతం నుంచి వచ్చిన మాట. మా ఇంటికి చుట్టాలు వస్తే చాలు, నాయనమ్మ చేత ఆ నడక కథ చెప్పించేవాళ్ళం. మాకు గొప్ప. ఆవిడ దారిలో బియ్యం కొలిచిన గ్లాసు గురించి చెప్పేది, చెప్పులు తెగి గుడ్డలు చుట్టుకున్న సంగతి చెప్పేది, ఒక చోటికి వచ్చేసరికి ఆగిపోయేది. మేం పిల్లలం, తర్వాత ఏమైంది తర్వాత ఏమైంది అని గుంజేవాళ్ళం. ఒకరోజు మా పెద్దనాన్న స్నేహితుడెవరో వచ్చినప్పుడు నాన్న మళ్ళీ అడిగితే, వత్తులు చేసుకుంటున్న చెయ్యి ఆపి, "ఇంకా ఎన్నిసార్లు నడవమంటార్రా నన్ను" అంది. ఆ తర్వాత ఎవరమూ అడగలేదు. తులసి చెప్పనన్న మాట మీ ఉత్తరంలో చదివినప్పుడు నాకు నాయనమ్మ చెయ్యి గుర్తొచ్చింది.

తులసి వద్దనడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది మీకు నాకంటే బాగా తెలుసు, కానీ డైరెక్టర్ గారితో మాట్లాడేటప్పుడు పనికొస్తుందని వరసగా చెబుతున్నాను. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, 1967 ప్రోటోకాల్ మీదా పెట్టలేదు. శరణార్థి అనే మాటకు మన చట్టంలో చోటే లేదు, ఉన్నది విదేశీయుడు అనే మాట. పాత 1946 చట్టం పోయి 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం అమల్లోకి వచ్చింది. దాంతోపాటు వచ్చిన ఉత్తర్వులో, 2015 జనవరి 9 లోపు వచ్చి రిజిస్టర్ అయిన శ్రీలంక తమిళులకు పాస్‌పోర్టు, వీసా లేవని శిక్ష పడకుండా మినహాయింపు ఇచ్చారు. తులసి కుటుంబానికి అది ఊరటే, కానీ కేంద్రం ఒక ఉత్తర్వుతో ఇచ్చిన ఊరట అది, ఇంకో ఉత్తర్వుతో మారొచ్చు. రాజ్యాంగంలో సమానత్వం చెప్పే ఆర్టికల్ 14, ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే 21 ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తాయి. మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చే 19 మాత్రం పౌరులకే. అంటే మీరూ నేనూ మైకు పట్టుకుని ప్రభుత్వాన్ని తిట్టినా 19 మన వెనక ఉంటుంది. తులసి అదే మైకు పట్టుకుంటే ఆ పిల్ల వెనక అది లేదు.

పైగా క్యాంపు. 2021 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం వాటి పేరు మార్చి పునరావాస శిబిరాలు అంది, ఇళ్ళు కట్టిస్తామంది, నెలవారీ భృతి కూడా పెంచింది, కుటుంబ పెద్దకు 1,500, మిగతా పెద్దవాళ్ళకు వెయ్యి, పిల్లలకు 500. మంచిదే. కానీ క్యాంపులో అందరూ ఉన్నారో లేదో చూసే చెకింగ్ రోజున తులసి మీ ఆఫీసుకు సెలవు పెట్టి ఇంటి దగ్గర ఉంటుందని మీరే రాశారు, ఆ రోజు పేరు పిలిచినప్పుడు మనిషి కనబడకపోతే ఏమవుతుందోనని వాళ్ళమ్మకు ముందు రోజు నుంచే నిద్ర పట్టదని కూడా. రాష్ట్ర పోలీసుల నిఘా విభాగం క్యూ బ్రాంచ్ వాళ్ళు వచ్చి వెళ్ళే చోటు అది. అలాంటి ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి ఫొటో, తండ్రి కథ పక్కపక్కనే ఒక రిపోర్టులో అచ్చయి దేశాలు తిరిగితే ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు. కానీ ఏమైనా అయితే అనుభవించేది ఆ ఇల్లు, ఏం కాదులే అన్న మనం కాదు. కాబట్టి ఆ తీర్పు తులసే చెప్పాలి, చెప్పేసింది కూడా.

ఇక డైరెక్టర్ గారి ప్రశ్న. డబ్బు దేనికి ఇస్తున్నట్టు? నిజాయితీగా జవాబు చెప్పాల్సిన ప్రశ్నే ఇది. మీరు స్టైపెండ్ కోసం కొట్లాడినప్పుడు ఏమన్నారు, పని చేయించుకుంటే డబ్బివ్వాలి అన్నారు. ఆ మాట మీద నిలబడండి. ఈ ఆరు నెలల్లో తులసి చేసిన పని ఏమిటో మీ ఉత్తరంలో వెతికితే అక్కడక్కడా దొరికింది. కాలేజీ అడ్మిషన్‌లో సర్టిఫికెట్ దగ్గర ఆగిపోయిన పదకొండు మంది పిల్లల కాగితాలు తీసుకుని, ఎవరిది ఏ ఆఫీసులో ఏ తేదీన ఆగిందో నోట్‌బుక్‌లో గళ్ళు గీసి రాసింది. పదకొండులో ఏడు ఒకే రకం కాగితం దగ్గర ఆగాయని కనిపెట్టింది. తాలూకా ఆఫీసుకు మీతో నాలుగుసార్లు వచ్చింది, నాలుగోసారి మీరు మాట్లాడకముందే తనే మాట్లాడింది. మీరు దీన్ని "తను బాగా కలిసిపోతుంది" అన్న వాక్యం కింద రెండు లైన్లలో తేల్చేశారు. అమ్మా, అడ్వొకసీ అంటే, ఒకరి తరఫున నిలబడి మాట్లాడటం అంటే ఇదే. రామేశ్వరం దగ్గరి మండపం క్యాంపులో 1986లో పుట్టిన ఒకామె, 1987 జూలై 1కి ముందు ఈ దేశంలో పుట్టినవాళ్ళు పుట్టుకతోనే పౌరులన్న నియమం పట్టుకుని మద్రాసు హైకోర్టు మదురై బెంచికి వెళ్ళింది, పాస్‌పోర్టు వచ్చింది, 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఓటేసింది. కోర్టులో ఆమెను నిలబెట్టింది పుట్టిన తేదీ కాగితం. తులసి నోట్‌బుక్‌లో గళ్ళు గీసింది అలాంటి కాగితాల కోసమే. అదే నియమం ప్రకారం, ఆ తేదీ తర్వాత పుట్టింది కాబట్టి, తల్లిదండ్రుల్లో ఏ ఒక్కరూ భారత పౌరులు కారు కాబట్టి, ఇక్కడే పుట్టి పెరిగిన తులసికి ఆ దారి లేదు. ఇవన్నీ తెలిసీ వేరేవాళ్ళ పిల్లల కాగితాల మీద కూర్చుని పని చేస్తోంది ఆ అమ్మాయి. డైరెక్టర్ గారికి ముందు ఇది చూపించండి.

ఆయన టెన్షన్ కూడా అబద్ధం కాదు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో సవరణ వచ్చాక ఆ డబ్బులో ఆఫీసు నిర్వహణకు 20 శాతం దాటి వాడకూడదు, అంతకు ముందు 50 శాతం దాకా ఉండేది. చిన్న సంస్థలకు ఊపిరి ఆడటం లేదు. ప్రతి రూపాయికీ ఇది ఏ పని కింద పెట్టామో చూపించాలి, ఇచ్చినవాళ్ళకు కళ్ళ ముందు ఒక మనిషి కనబడితే తేలిగ్గా నమ్ముతారు. ఆయనను విలన్‌ని చేసుకుని మాట్లాడితే మీ మాట వినరు. ఆయనకు మీటింగ్‌లో చూపించడానికి ఏదో ఒకటి కావాలి, అది ఇవ్వండి.

ఏమివ్వచ్చు? తులసి ఇష్టపడితే ఆ పదకొండు కేసుల మీద తనే పది నిమిషాలు మాట్లాడొచ్చు, తన గురించి ఒక్క ముక్క లేకుండా, ఫొటోలు తీయకుండా. దీనివల్ల మంచి ఏమిటంటే వచ్చినవాళ్ళు ఆమెను పని తెలిసిన మనిషిగా చూస్తారు. చిక్కు ఏమిటంటే, ప్రశ్నలకు టైమ్ ఇవ్వగానే ఎవరో ఒకరు మంచి మనసుతోనే "మరి మీ కుటుంబం ఎలా వచ్చింది" అని అడుగుతారు. అప్పుడు ఎవరు అడ్డుపడతారు? మీరే, ముందే ఒప్పుకుని, ఆ అమ్మాయి పక్క కుర్చీలో కూర్చుని. అడ్డుపడగలనన్న నమ్మకం మీకు లేకపోతే ఈ దారి ఎంచుకోకండి. లేదంటే తులసి తయారు చేసిన నోట్ మీరే చదవండి, ఇది మా ఇంటర్న్ పని అని చెప్పండి, పేరు వేయాలా వద్దా అన్నది తననే అడగండి. ఇందులో ప్రమాదం తక్కువ, కానీ ఆమె కష్టం మీ నోట్లోంచి వస్తుంది, అది తనకు ఎలా ఉంటుందో తనే చెప్పాలి. మూడోది, ఆ రోజు తులసికి సెలవు, స్టైపెండ్ కోత లేకుండా. డైరెక్టర్ గారు మొహం మాడ్చుకుంటారు. రెన్యువల్ మీద ఆ ప్రభావం పడొచ్చు, పడకపోవచ్చు. ఇది కూడా సరైన దారే అనుకుంటాను నేను, మిగతా రెండూ కుదరకపోతే సిగ్గుపడకుండా దీన్ని పట్టుకోండి. ఒప్పించడం అన్నది మాత్రం దారుల్లో లెక్కపెట్టను. నెల జీతం చేతిలో పెట్టే మనిషి ఒప్పించడం మొదలుపెడితే అవతలి మనిషికి కాదనే వీలు ఎక్కడుంటుంది?

ఇప్పుడు కష్టమైన మాట. గ్రాంటు రెన్యువల్ కాకపోవచ్చని నెల కిందటే మీకు తెలిసిందని, తులసికి "సమయం చూసి" చెబుదామని ఆగానని రాశారు. ఆగకండి. ఈ ఇంటర్న్‌షిప్ ఇంకో మూడు నెలల్లో అయిపోతుందని తనకు తెలుసు, కానీ తర్వాత ఉద్యోగం ఇస్తారని ఆశ పెట్టుకుని ఉంటుంది, ఆ ఆశ మీ మాటల్లోంచే వచ్చింది. ఈ నెలలో తెలిస్తే షాపు వాళ్ళను అడగడానికి, పెళ్ళిళ్ళ సీజన్‌కి మనుషులను తీసుకునే టైమ్ చూసుకోవడానికి వీలుంటుంది. ఆఖరి నెలలో తెలిస్తే ఏముంటుంది? మొదటి స్టైపెండ్ కవర్లో పెట్టి ఇచ్చినప్పుడు తులసి పక్కకు వెళ్ళి మూడుసార్లు లెక్కపెట్టుకుందని, అందులోంచి సీజన్ టికెట్ డబ్బు వేరే పర్సులో పెట్టుకుందని రాశారు కదా. అంత జాగ్రత్తగా లెక్కపెట్టుకునే పిల్లకు లెక్క తెలియకుండా దాచడం చాలా అన్యాయం.

ఆ లెక్క మీరూ ఒకసారి వేయండి. షాపులో 16 వేలు, బోనసు వేరే. మీ దగ్గర 15, బోనసు లేదు. తొమ్మిది నెలలకు కనీసం తొమ్మిది వేలు తక్కువ, బోనసు కాక. మంచి పని అన్న పేరుకు ఆ తేడా భరించింది వాళ్ళ ఇల్లు. ఇంగ్లండులో ఆశ్రయం అడిగినవాళ్ళకు ఏడాది గడిచినా జవాబు రాకపోతేనే పని చేసుకునే అనుమతి అడిగే వీలుంటుంది, అప్పటిదాకా వాలంటీర్ పనే. డబ్బిచ్చే ఇంటర్న్‌షిప్ అన్న ఆలోచనకు విలువ ఎక్కడుందో అక్కడ బాగా తెలుస్తుంది. ఇక్కడ తులసికి అప్పటికే ఒక ఉద్యోగం ఉంది. చట్టం చేతిలో పెట్టిన హక్కు కాకపోయినా, క్యాంపుల్లో చాలామంది లాగే బయట పని చేసుకుని బతుకుతోంది. కాబట్టి తన విషయంలో మీరు డబ్బు ఇచ్చి ఉపకారం చేశామనుకోవడానికి లేదు, ఉన్న డబ్బు తగ్గించుకుని మీ దగ్గరికి వచ్చింది. డైరెక్టర్ గారిని అడగాల్సింది ఉంటే ఈ తేడా అడగండి, మిగతా మూడు నెలలకైనా.

లాయర్ అవ్వచ్చు అన్న మాట కూడా సరిచేయాలి. మీరు లా చదివారు కాబట్టి అడ్వొకేట్స్ చట్టం, 1961 మీకు గుర్తుండాలి. సెక్షన్ 24 ప్రకారం అడ్వొకేట్‌గా పేరు ఎక్కాలంటే భారత పౌరులై ఉండాలి, వేరే దేశపు మనిషి అయితే ఆ దేశంలో మనవాళ్ళకు అదే వీలు ఉంటేనే. పౌరసత్వం చిక్కు విడిపోకుండా తులసికి ఆ దారి తెరుచుకోదు. లా చదవొద్దని కాదు నేను చెప్పేది, మూడేళ్ళు చదివి చివర్లో గేటు మూసి ఉందని తెలుసుకోవడం కంటే ఇప్పుడే తెలిసి చదవడం వేరు. ఆ మాట అన్న నోటితోనే మీరే చెప్పండి.

షాపుకి తిరిగి పంపేయాలా అని అడిగారు. పంపడానికి మీరెవరు? తను వెళ్తానంటే అది ఓటమి అని మొహంలో కనిపించనివ్వకండి. బిల్లింగ్ కౌంటర్ దగ్గర నెలనెలా జీతం వస్తుంది, అక్కడ ఎవరూ వాళ్ళ నాన్న గురించి అడగరు. అది చిన్న విషయమేం కాదు. తను ఇదే పనిలో ఉండాలనుకుంటే ఈ ఊళ్ళో మీ సంస్థ ఒక్కటే లేదు. చంద్రహాసన్ గారు మొదలుపెట్టిన ఓఫెర్ 1984 నుంచి ఉంది, శరణార్థులే శరణార్థుల కోసం నడుపుకుంటూ వచ్చిన సంస్థ. తమిళనాడులో క్యాంపుల్లో దాదాపు 58 వేల మంది ఉన్నారు, కాగితాలు చదవగలిగిన మనిషి అవసరం రేపటితో తీరదు. కానీ ఉద్యోగం ఉందో లేదో మీరు ముందు కనుక్కుని, ఉంటేనే చెప్పండి. ఇంకో ఆశ పెట్టకండి.

మీ రాజీనామా సంగతి ఎక్కువ రాయను. మీరు మానేస్తే మీ మనసు తేలికపడుతుంది, తులసి పక్కన కూర్చునే మనిషి ఆ ఆఫీసులో ఉండదు. మూడు నెలల తర్వాత ఆలోచించండి.

ఇక చేయాల్సింది. అన్నిటికంటే ముందు ఆ ప్రపోజల్. ఇంకా పంపకపోతే ఆ పేజీ తీసేయండి. పంపేసి ఉంటే ఇచ్చినవాళ్ళకు ఉత్తరం రాయండి, ఈ భాగం అనుమతి లేకుండా చేర్చాం, తొలగించి కొత్త కాపీ పంపుతున్నాం, పాతది ఉంచుకోవద్దు, ఎవరికీ పంపొద్దు అని. డైరెక్టర్ గారి పేరు మీద వెళ్తే మంచిది, ఆయన ఒప్పుకోకపోతే మీ పేరు మీదే. దీనికి మీ ఉద్యోగం మీద మాట పడొచ్చు, ఆ సంగతి దాచను. కానీ ఇది చేయకుండా తులసి దగ్గరికి వెళ్తే ఏం చెబుతారు?

అది అయ్యాక వెళ్ళండి. ఆఫీసులో కాదు, కాంటీన్లో అందరూ తిరిగే చోట కాదు. తను ఎక్కడ రమ్మంటే అక్కడ. చెకింగ్ రోజు కాకుండా చూసుకోండి. ఏం రాశారో, ఎవరెవరు చదివారో, ఏది తీసేశారో, ఏది తీయలేకపోయారో చెప్పండి. తర్వాత గ్రాంటు సంగతి, లాయర్ సంగతి. మీటింగ్ గురించి చివర్లో, "నువ్వు రానక్కర్లేదు, డబ్బు ఆగదు" అన్న మాటతో. ఎందుకు చేశారో చెప్పుకోవాలనిపిస్తుంది, గడువు, పన్నెండు గంటలు, జీతం అన్నీ నోటిదాకా వస్తాయి. అడిగితే చెప్పండి, అడగకపోతే వద్దు. క్షమించానని అనిపించుకునేదాకా కూర్చోకండి. మేడమ్ అంటే అననివ్వండి, అక్కా అనమని గుర్తుచేయకండి.

ఇవన్నీ ఒక కాగితం మీద కూడా రాసి ఇవ్వండి, స్టైపెండ్ ఎంత, ఎన్నాళ్ళు, ఏ పనికి, తన జీవితం గురించిన ఏ మాటా, ఏ ఫొటో తను రాసి ఇస్తే తప్ప సంస్థ వాడదని, ఒకసారి ఒప్పుకున్నా తర్వాత వద్దనే హక్కు తనదని. అగ్రిమెంటు ఇంగ్లీషులో ఉందని, తను సంతకం పెట్టేటప్పుడు మీరే పైపైన చదివి వినిపించానని రాశారు. ఈసారిది తమిళంలో ఉండాలి. వాళ్ళమ్మ కూడా చదువుకోవాలి కదా. మీకు తమిళం మాట్లాడటమే గానీ రాయడం రాదన్నారు, ఎవరి చేతనైనా రాయించండి. మీ ఆఫీసు వాళ్ళ చేత మాత్రం వద్దు.